సహస్రాబ్ది స్వాగతం: బాణసంచా ఆరింది, పద్దు మిగిలింది

పూరీ గేట్ (ఖరగ్‌పూర్): రెండువేల సంవత్సరానికి స్వాగతం పలుకుతూ 1999 డిసెంబరు 31 అర్ధరాత్రి దేశమంతటా వేడుకలు జరిగి పాతికేళ్లు దాటింది. ఆ రాత్రి కాల్చిన బాణసంచా నేడు ఎవరికీ గుర్తు లేదు. అయితే ఒక జాతి కొత్త యుగానికి బహిరంగంగా స్వాగతం పలికినప్పుడు తన ప్రజలకు కొన్ని మాటలు కూడా ఇస్తుంది. వేడుక ఎంత ఘనంగా జరిగిందన్న దానికంటె ఆ మాటలు ఎంతవరకు నిలిచాయన్నదే ముఖ్యమైన ప్రశ్న.

ఈ ప్రశ్నను ఢిల్లీ, ముంబాయి నగరాల నుంచి కాక ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణం నుంచి పరిశీలించడం సముచితంగా ఉంటుంది. హౌరా నుంచి వచ్చే రైలుమార్గం ఈ పట్టణం దాటాక చీలిపోతుంది. ఒక శాఖ టాటానగర్ వైపు, మరొకటి బాలాసోర్, కటకంల మీదుగా పూరీ, విశాఖపట్నంల వైపు సాగుతాయి. పూరీ దారి పేరు మీదనే పట్టణంలోని ఒక ప్రాంతానికి పూరీ గేట్ అన్న పేరు స్థిరపడింది. పట్టణం నుంచి ఐ.ఐ.టి. వైపు వెళ్లే రోడ్డు పట్టాలను దాటే చోటు ఇది. నేడు వాహనాలు పైవంతెన మీదుగా సాగుతున్నా పేరు మాత్రం గేటుగానే మిగిలింది.

ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి నూరేళ్లకు పైగా తెలుగువారు ఈ దారినే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. తెలుగు, బెంగాలీ, ఒరియా, హిందీ, పంజాబీ మాట్లాడే కుటుంబాలు ఒకే రైల్వే కాలనీలో ఇరుగుపొరుగుగా బతికే ఊరు ఇది. యావద్భారతం ఒక వేడుక చేసుకుందంటే దాని అర్థమేమిటో ఇక్కడ తేటగా తెలుస్తుంది.

ఆ రాత్రి దేశం పరిస్థితి

సహస్రాబ్ది వేడుకలకు ముందు దేశం గడిపిన ఏడాది సామాన్యమైనది కాదు. 1999 మే నుంచి జులై వరకు కార్గిల్ యుద్ధం సాగింది. 500 మందికి పైగా సైనికులు ప్రాణాలర్పించారు. ఆగస్టు 2న పశ్చిమ బెంగాల్‌లోని గైసల్ వద్ద రెండు రైళ్లు ఒకే పట్టాపై ఎదురెదురుగా ఢీకొని 280 మందికి పైగా మరణించారు. అప్పటి రైల్వే మంత్రి నితీశ్ కుమార్ నైతిక బాధ్యత వహించి రాజీనామా చేశారు. అక్టోబరు 29న ఒరిస్సా తీరాన్ని తాకిన పెనుతుపాను అధికార లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల ప్రాణాలను బలిగొన్నది. ఖరగ్‌పూర్ తెలుగువారు స్వగ్రామాలకు వెళ్లాలంటే ఆ తుపాను ధ్వంసం చేసిన జిల్లాల మీదుగానే పోవాలి.

ఇవి చాలవన్నట్లు డిసెంబరు 24న కఠ్మాండూ నుంచి ఢిల్లీ రావలసిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐ.సి. 814 విమానాన్ని దుండగులు దారి మళ్లించారు. అమృత్‌సర్, లాహోర్, దుబాయిల మీదుగా అది కాందహార్ చేరింది. ఒక ప్రయాణికుడు హత్యకు గురయ్యాడు. చివరకు ముగ్గురు ఉగ్రవాదులను జైళ్ల నుంచి విడుదల చేసి, విదేశాంగ మంత్రి జస్వంత్ సింగ్ స్వయంగా కాందహార్ వెళ్లిన మీదట డిసెంబరు 31న బందీలకు విముక్తి లభించింది. ప్రపంచం కొత్త సంవత్సరం కోసం గడియారాలు చూస్తున్న ఆ రాత్రి దేశం ఢిల్లీ విమానాశ్రయంలో దిగుతున్న ప్రయాణికులను చూసింది. హోటళ్లలో, క్లబ్బులలో, నగర వీధులలో సంబరాలు జరగకపోలేదు. కానీ ఆనాడు జాతి మనసులో ఉన్నది ఉత్సాహం కంటె ఊరటే ననడం సత్యదూరం కాదు.

ప్రభుత్వపరంగా సహస్రాబ్ది సన్నాహాలను ప్రధానంగా పర్యాటక శాఖ భుజాన వేసుకుంది. దేశాన్ని దర్శించే సహస్రాబ్ది సంవత్సరమంటూ 1999లో ప్రచారం సాగింది. ఖజురహో ఆలయాలకు వెయ్యేళ్లు నిండిన సందర్భంగా ఉత్సవాలు జరిగాయి. నికోబార్ దీవులలోని కచ్చాల్ కొత్త సహస్రాబ్ది తొలి సూర్యకిరణాలు సోకే చోటుగా పేరు మోగింది. ఆదిమ తెగల నివాసమైన ఆ చిన్న దీవి కొద్ది రోజుల పాటు ప్రపంచ వార్తలకెక్కింది. ఆ తర్వాత అయిదేళ్లు తిరగకుండానే, 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీలో తీవ్ర ప్రాణనష్టానికి గురైన దీవులలో కచ్చాల్ ఒకటి. తొలి సూర్యోదయం చూడడానికి ఆ దీవిని వెతుక్కుంటూ వెళ్లిన దేశం అక్కడికి ముందస్తు ప్రమాద హెచ్చరికను మాత్రం పంపలేకపోయింది. హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరిక కేంద్రం హైదరాబాదులో 2007లో గాని పని ప్రారంభించలేదు.

ఎవరి సంవత్సరం?

వేడుక ఎంతవరకు జాతీయమన్నది మరో ప్రశ్న. 1999 డిసెంబరు 31 శుక్రవారం. తెలుగువారికి అది ప్రమాది నామ సంవత్సరంలో ధనుర్మాసం. వారి కొత్త సంవత్సరం విక్రమ 2000 ఏప్రిల్ 5న గాని రాలేదు. బెంగాలీలకు అది 1406 పౌష మాసం. ముస్లింలు రంజాన్ ఉపవాసాలలో ఉన్నారు. సిక్కులు ఖాల్సా ఆవిర్భావ త్రిశతాబ్దిని ఆ ఏప్రిల్‌లోనే వైభవంగా జరుపుకున్నారు. శాస్త్రజ్ఞుడు మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫార్సుల మేరకు 1957 మార్చి 22 నుంచి అమలులోకి వచ్చిన జాతీయ పంచాంగం ప్రకారం అది శక సంవత్సరం 1921. ఖరగ్‌పూర్ వంటి ఊళ్లో ఈ లెక్కలన్నీ ఒకే వీధిలో కలిసి కనిపిస్తాయి.

కాలగణన ప్రకారం చూసినా ఆ రాత్రి సహస్రాబ్ది మారలేదు. క్రీస్తు శకంలో సున్నా సంవత్సరం లేదు గనుక మూడవ సహస్రాబ్ది 2001 జనవరి 1న మొదలయింది. ఈ సంగతి పత్రికలు ఎంత రాసినా జనం పట్టించుకోలేదు. వేయి మారి రెండువేలవడం కంటికి కనిపించే మార్పు. లోకం దానినే పండుగ చేసుకుంది.

ఇంతమాత్రం చేత దీనిని పరాయి పండుగ అని తోసిపుచ్చడం కూడా సరి కాదు. ఇంటి పంచాంగాలు ఎన్ని ఉన్నా జీతం, రిజర్వేషను, పరీక్ష, ఎన్నిక అన్నీ ఈ ఒక్క క్యాలెండరు ప్రకారమే నడుస్తాయి. దేశానికి ఒకే కాలమానం అలవడడంలో రైల్వేల పాత్ర పెద్దది. భారత ప్రామాణిక కాలమానం 1906 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చినా కలకత్తా నగరం 1948 వరకు తన సొంత గడియారాన్నే నమ్ముకుంది. రైళ్లు మాత్రం అన్ని ఊళ్లనూ ఒకే గంటకు లొంగదీశాయి. కాబట్టి డిసెంబరు 31 అర్ధరాత్రి మతం, భాష తేడా లేకుండా అందరికీ ఉమ్మడిగా మిగిలింది పండుగ కాదు, పని దినమే. ఆ ఉమ్మడితనానికి తగిన ఉమ్మడి కానుక ఏదైనా దేశం తన ప్రజలకు ఇచ్చిందా అన్నదే చూడవలసిన విషయం.

ఇతర దేశాల అనుభవం

ఈ విషయంలో బ్రిటన్ అనుభవం పరిశీలించదగినది. ఆ దేశం లాటరీ నిధులతో సహస్రాబ్ది కమిషన్‌ను ఏర్పాటు చేసింది. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున నిర్మించిన మిలీనియం డోమ్‌కు దాదాపు 79 కోట్ల పౌండ్లు ఖర్చయింది. అందులో సింహభాగం లాటరీ సొమ్మే. ఏడాదిలో కోటీ 20 లక్షల మంది సందర్శిస్తారని అంచనా వేయగా 65 లక్షల మంది మాత్రమే వచ్చారు. అది ప్రభుత్వ ఆడంబరానికి మారుపేరయింది. కాగా అదే కమిషన్ దేశం నలుమూలలా గ్రామ సభామందిరాలకు, వంతెనలకు, సైకిల్ బాటలకు, మ్యూజియంలకు ఇచ్చిన నిధుల గురించి పెద్దగా చర్చ జరగలేదు. నేటికీ జనానికి ఉపయోగపడుతున్నవి అవే. డోమ్ కూడా చేతులు మారి, 2007 నుంచి వినోద కేంద్రంగా గాని కుదుటపడలేదు.

పసిఫిక్ మహాసముద్రంలోని కిరిబాటి దేశం 1995లోనే అంతర్జాతీయ దినరేఖను తనకు అనుకూలంగా జరుపుకొని, జనావాసం లేని ఒక దీవికి సహస్రాబ్ది దీవి అని పేరు పెట్టుకుంది. మరోవైపు పేద దేశాల అప్పులు రద్దు చేయాలన్న ఉద్యమం రెండువేల సంవత్సరాన్నే గడువుగా పెట్టుకుంది. 1998 మేలో బర్మింగ్‌హామ్‌లో సంపన్న దేశాధినేతలు సమావేశమైనప్పుడు వేలాది మంది చేతులు కలిపి మానవహారంగా నిలిచారు. మరుసటి ఏడాది కొలోన్ సమావేశంలో రుణభార ఉపశమన పథకాన్ని విస్తరించడానికి ఆ ఒత్తిడి తోడ్పడింది. సహస్రాబ్ది పేరుతో జరిగిన కార్యక్రమాలన్నింటిలోనూ సామాన్యుడికి దక్కిన ఫలం ఇటువంటి వాటి నుంచే వచ్చింది.

వేడుక వెనుక పని

మన దేశంలో సహస్రాబ్దికి జరిగిన అసలు సన్నాహం వేదికల మీద కనిపించలేదు. కంప్యూటర్లు సంవత్సరాన్ని రెండంకెలలో గుర్తించడం వల్ల 2000ను 1900గా పొరబడే ప్రమాదం ఏర్పడింది. వై2కె అన్న పేరుతో ప్రపంచాన్ని వణికించిన ఈ సమస్యను ఎదుర్కొనడానికి ప్రణాళికా సంఘం సభ్యుడు మాంటెక్ సింగ్ అహ్లువాలియా నాయకత్వంలో కేంద్రం కార్యదళాన్ని నియమించింది. బ్యాంకులు, విద్యుత్తు, విమానయానం, రైల్వేల కంప్యూటర్లను తనిఖీ చేయించింది. ఢిల్లీ, ముంబాయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ రిజర్వేషను కేంద్రాలు ఒకదానితో ఒకటి అనుసంధానమయినది కూడా 1999లోనే. అర్ధరాత్రి దాటింది. చెప్పుకోదగిన అవాంతరమేదీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే ఆ పనికి దక్కిన ఫలితం. దానికి ఎవరూ బాణసంచా కాల్చలేదు.

ఈ సమస్య తెలుగు యువతకు కొత్త దారి తెరిచిన సంగతి విదితమే. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో కోబాల్ వంటి పాత కంప్యూటర్ భాషలు నేర్చుకొని వేలాది మంది అమెరికాకు వెళ్లారు. అక్కడి ప్రభుత్వం హెచ్1బి వీసాల పరిమితిని 1999లో లక్షా 15 వేలకు, 2001లో లక్షా 95 వేలకు పెంచింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభం, 1999 జనవరిలో విజన్ 2020 పత్రం విడుదల తెలుగునాట కొత్త యుగపు చిహ్నాలుగా నిలిచాయి.

ఖరగ్‌పూర్ తెలుగువారిది ఇంతకు నూరేళ్ల ముందరి వలస. 1890లలో విజయవాడ నుంచి కటకం వరకు తీర రైలుమార్గం పడింది. తర్వాత దాని ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. ఖరగ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాప్ వెలసింది. ఆనాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలీలు, ఫిట్టర్లు, గుమాస్తాలు తరలివచ్చారు. 1927లో ఈ వర్క్‌షాప్ కార్మికులు జరిపిన చారిత్రక పోరాటానికి నాయకత్వం వహించిన వారిలో, తదనంతరం రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఒకరు. ఆనాడు ఇనుము, నేడు కంప్యూటర్. రెండు వలసలకూ మూలం కొత్త యంత్రాన్ని నడిపే చేతుల అవసరమే. అయితే రెండువేల సంవత్సరపు సంబరాలు రెండవ వలసనే గుర్తించాయి. మొదటి వలసవారి పిల్లలకు కొత్త యుగంలో ఏం దక్కుతుందో ఎవరూ చెప్పలేదు.

రాష్ట్రపతి హెచ్చరిక

ఆ రోజులలో ఈ సంగతిని సూటిగా చెప్పినవారు రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్. గణతంత్రానికి 50 ఏళ్లు నిండిన సందర్భంగా 2000 జనవరి 25న జాతినుద్దేశించి చేసిన ప్రసంగంలో ఆయన సంబరం కంటె ఆత్మపరిశీలనకే ఎక్కువ చోటిచ్చారు. సరళీకరణ, ప్రైవేటీకరణ, ప్రపంచీకరణ అనే వేగవంతమైన రహదారి వేసుకున్న దేశం, కాలినడకన పోయే బలహీనులు కూడా దానిని క్షేమంగా దాటడానికి దారి చూపాలని ఆయన కోరారు. చిరకాలంగా ఓర్పు వహించిన ప్రజల ఆగ్రహం పట్ల జాగ్రత్తగా ఉండాలని హెచ్చరించారు. సహస్రాబ్ది సందర్భంగా దేశంలో వెలువడిన మాటలన్నింటిలో నేటికీ పనికివచ్చేది ఇదేననడంలో సందేహం లేదు.

రైల్వే పట్టణాలలో ఈ మాటను ఉపమానంగా తీసుకోనవసరం లేదు. వేగంగా పోయే రైలు, దాని కోసం ఆగి నిలిచిన మనిషి ఎదురుపడే చోటు గేటు. ఆ గేటు దగ్గర దేశం ఏం చేసిందో లెక్క చూడవచ్చు.

గైసల్ ప్రమాదం అనంతరం 2001లో 17 వేల కోట్ల రూపాయలతో ప్రత్యేక రైల్వే భద్రతా నిధి ఏర్పడింది. అందులో కొంత భాగాన్ని టిక్కెట్టుపై సర్‌ఛార్జి రూపంలో ప్రయాణికులే చెల్లించారు. పాత వంతెనలు, అరిగిన పట్టాలు, కాలం చెల్లిన సిగ్నళ్లు మార్చడానికి ఆ సొమ్ము వినియోగపడింది. దేశం చేపట్టిన నిజమైన సహస్రాబ్ది పథకాలలో దీనిని ఒకటిగా చెప్పక తప్పదు. 2012లో అనిల్ కకోద్కర్ సంఘం అయిదేళ్లలో లెవెల్ క్రాసింగులన్నింటినీ తొలగించాలని, అందుకు 50 వేల కోట్లు అవసరమని సిఫార్సు చేసింది. బ్రాడ్‌గేజిపై కాపలాలేని గేట్ల తొలగింపు 2019 జనవరి నాటికి పూర్తయింది. ఇది సామాన్యమైన విజయం కాదు. కాపలా ఉన్న గేట్లు మాత్రం ఇంకా వేల సంఖ్యలో మిగిలే ఉన్నాయి.

2017లో లక్ష కోట్లతో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ ఏర్పాటయింది. భద్రతతో సంబంధం లేని కొనుగోళ్లకు ఆ నిధి నుంచి ఖర్చు చేసినట్లు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2022లో పార్లమెంటుకు సమర్పించిన నివేదిక ఎత్తిచూపింది. ఆ తర్వాత కొద్ది నెలలకే, 2023 జూన్ 2న ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బాహానగా బజార్ స్టేషను వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి మళ్లి ఆగి ఉన్న గూడ్సు రైలును ఢీకొన్నది. బోల్తాపడిన పెట్టెలు పక్క పట్టాపై వస్తున్న మరో రైలుకు తగిలాయి. 290 మందికి పైగా మరణించారు. సిగ్నల్ సర్క్యూట్ మార్పులలో గతంలో దొర్లిన లోపాలు, ఒక లెవెల్ క్రాసింగ్ గేటు విద్యుత్ అవరోధం మార్చే పనిలో జరిగిన పొరపాట్లు దీనికి కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. గైసల్‌కు, బాహానగాకు నడుమ 24 ఏళ్లు గడిచాయి. పరికరాలు మారాయి. చేసిన పనిని మరొకరు సరిచూసే క్రమశిక్షణ మాత్రం అన్నిచోట్లా కుదరలేదని ఈ రెండు దుర్ఘటనలు తెలుపుతున్నాయి.

గడువులు, మాటలు

రెండువేల సంవత్సరం అనేక హామీలకు గడువు కూడా. 1978లో ఆల్మా ఆటా మహాసభ 2000 నాటికి అందరికీ ఆరోగ్యం లక్ష్యంగా ప్రకటించింది. మన 1983 జాతీయ ఆరోగ్య విధానం దానిని స్వీకరించింది. ఆ గడువు నెరవేరకుండానే గడిచిపోయింది. పోలియో నిర్మూలనకు కూడా 2000 సంవత్సరాన్నే గడువుగా పెట్టుకున్నారు. అదీ తప్పింది. కానీ ఆ పని ఆగలేదు. ఆదివారాలలో చుక్కల మందు వేసే బూతులలో, రైల్వే స్టేషన్లలో, ఇంటింటి తిరుగుడులో ఏళ్ల తరబడి సాగింది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో ఖరగ్‌పూర్‌కు సమీపంలోని హౌరా జిల్లాలోనే నమోదయింది. 2014 మార్చిలో ఈ ప్రాంతాన్ని పోలియో రహితంగా ధ్రువీకరించారు. గడువు తప్పినా మాట నిలిచిన ఉదాహరణ ఇది.

ఇక ఖరగ్‌పూర్ తెలుగువారి సంగతి. 1999లో ఖరగ్‌పూర్, వాల్తేరు డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేవి. 2003 ఏప్రిల్ 1న తూర్పు తీర రైల్వే ఏర్పడడంతో వాల్తేరు అందులో చేరింది. ఇక్కడి తెలుగు ఉద్యోగికి స్వస్థలంతో ఉన్న పరిపాలనా బంధం ఆ విధంగా తెగింది. దేశంలో 1990-91లో 16 లక్షలు దాటిన రైల్వే ఉద్యోగుల సంఖ్య నేడు 12 లక్షల పైచిలుకుకు తగ్గింది. తండ్రి ఉద్యోగం కొడుకుకు వస్తుందన్న ఆశ మీద నిలిచిన కాలనీలకు ఇది కొత్త సహస్రాబ్ది తెచ్చిన అసలు మార్పు. ఇక్కడ చదువుకున్న యువకులు హైదరాబాదు, బెంగుళూరు నగరాలకు పోతున్నారంటే అది వలస మొదలైన దారినే తిరుగు ప్రయాణం.

2020 డిసెంబరులో మమతా బెనర్జీ మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికార భాషలలో ఒకటిగా గుర్తిస్తూ నిర్ణయం తీసుకుంది. సహస్రాబ్ది మారిన రాత్రి కేంద్రంలో రైల్వే మంత్రి కూడా ఆమేనన్నది గమనార్హం. శాసనసభ ఎన్నికలు కొద్ది నెలలున్నాయనగా ఈ నిర్ణయం వెలువడడం వల్ల దీనిని ఓట్ల లెక్కగా చూసినవారూ లేకపోలేదు. ఉద్దేశం ఏదైనా నూరేళ్లకు పైగా ఇక్కడ ఉంటున్నవారి భాషకు అది తొలి అధికార గుర్తింపు. ఆ గుర్తింపు ఉత్తర్వుల దగ్గర ఆగితే దానికీ, అర్ధరాత్రి శుభాకాంక్షలకూ తేడా ఉండదు. బడిలో తెలుగు చెప్పే ఉపాధ్యాయుడు, బిడ్డ చేతికి పాఠ్యపుస్తకం, కార్యాలయంలో తెలుగు దరఖాస్తుకు జవాబు, ఈ మూడూ ఉన్నప్పుడే అది ఆచరణలో ఉన్నట్లు.

జాతి తన పండుగలు జరుపుకోవడం తప్పు కాదు. కార్గిల్, గైసల్, ఒరిస్సా తుపాను, కాందహార్‌లను చూసిన ఏడాది చివర జనం ఒక రాత్రి నవ్వుకోవాలనుకోవడం సహజమే. కానీ ఆ రాత్రి వ్యయానికి పద్దు రాస్తే, సహస్రాబ్ది పేరు మీద గట్టిగా నిలిచినవి ఆడంబరం లేని పనులే. కంప్యూటర్ల తనిఖీ, మార్చిన పట్టాలు, మూసివేసిన కాపలాలేని గేట్లు, వదలకుండా వేసిన పోలియో చుక్కలు ఆ కోవకు చెందినవి. తప్పినవి కూడా పేర్లు పెట్టి చెప్పదగినంత స్పష్టంగానే ఉన్నాయి. గణతంత్రానికి నూరేళ్లు 2050 జనవరిలో నిండుతాయి. అప్పటి వేడుకలకు సంఘాలు, నిధులు, నినాదాలు తప్పక సిద్ధమవుతాయి. కకోద్కర్ సంఘం అడిగిన 50 వేల కోట్ల పని అప్పటికైనా పూర్తయితే, గేటు దగ్గర నిలిచిన మనిషి కూడా ఆ వేడుకలో పాల్గొనగలుగుతాడు.